బలిపీఠం మెట్ల దగ్గర పెద్దమ్మ

పోయిన ఆదివారం పూజలో బలిపీఠం మీద పరిచిన తెల్లగుడ్డ ఒక వైపుకు జారి ఉంది. ఫాదర్‌గారు ప్రసంగం చెబుతున్నంతసేపూ నా చూపు ఆ అంచు మీదే ఉండిపోయింది. గుడ్డ మీద మడతల గీతలు కూడా పోలేదు. పెద్దమ్మ ఉన్న రోజుల్లో అయితే పూజ మొదలు కాకముందే ఆమె ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క వంకర చూసినట్టు చూసి, రెండు వేళ్ళతో అంచు లాగి సరిచేసి వచ్చేది. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆమెకు ఒక పేరుంది. కానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. సమాధి మీద నాటడానికి తెచ్చిన శిలువ చెక్క మీద ఆ పేరు రాసి ఉంటే, మా బస్తీ పిల్లలు ఇది ఎవరిదని అడిగారు. అందరికీ ఆమె పెద్దమ్మే. నాకూ, నా కూతురికీ, ఫాదర్లకు కూడా.

ఫలక్‌నుమా స్టేషన్ వెనక మా చర్చి చిన్నది. రైల్వేలో పనిచేసేవాళ్ళు, వర్క్‌షాపుల్లో వెల్డింగ్ చేసేవాళ్ళు, ఇళ్ళల్లో కుట్టుపని చేసుకునేవాళ్ళు, ఇంతే మేము. చర్చి తలుపులు తీయడం, ఊడ్వడం, పీఠం గుడ్డలు ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడం, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు తోమడం అన్నీ పెద్దమ్మవే. నేను బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో బిల్లులు రాస్తాను. స్టాండ్లు తోమడానికి పాత చింతపండు నా చేతే తెప్పించుకునేది. కొత్తది తెస్తే కోప్పడేది. కొత్తది తినడానికి, పాతది తోమడానికి అని ఆమె లెక్క.

పీఠం ముందు ఊడ్చేటప్పుడు ఆమె వెనక్కి వెనక్కి నడుస్తూ ఊడ్చేది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. పడతావు పెద్దమ్మా, ఇటు తిరిగి ఊడ్వు అంటే, "స్వామికి ఈపు జూపెట్టొచ్చునా బిడ్డా" అంది. చర్చి లోపలికి పావురాలు వచ్చి దూలాల మీద కూర్చునేవి. వాటిని మాత్రం ఉర్దూలో తిట్టేది. ఉర్దూ ఎందుకని అడిగితే, ఇక్కడి పావురాలకు తెలుగు రాదని చెప్పేది. అది హాస్యానికి అన్న మాట కాదు. నిజంగానే అలా నమ్మేది.

ఇంత చేసే మనిషి, పూజ జరుగుతున్నప్పుడు పీఠం మెట్లు ఎక్కేది కాదు. కొవ్వొత్తి ఆరిపోయినా ఎక్కేది కాదు. మూడో బెంచీ చివర కూర్చుని, పీఠం దగ్గర సేవ చేసే అబ్బాయిల్లో ఎవరో ఒకరు తన వైపు చూసేదాకా ఆగి, కళ్ళతో చూపించేది. ఆడవాళ్ళు బైబిలు పాఠం చదవడానికి ఆమె అభ్యంతరం చెప్పలేదు. చదివే స్టాండు మెట్ల కింద ఉంది కాబట్టి. ఇలాంటి విషయాల్లో ఎవరైనా ఎదురు మాట్లాడితే వాదించేది కాదు. "నేను చెప్తలేను. పెద్దలు చెప్పింది చెప్తున్న" అని తన పని తాను చేసుకునేది. 

నా కూతురు ప్రసన్న ఏడో తరగతిలో ఉన్నప్పుడు మాకు ఒక యువ ఫాదర్‌గారు వచ్చారు. ఒక ఆదివారం పూజ అయ్యాక, పీఠం దగ్గర సేవకు ఇకనుంచి ఆడపిల్లలు కూడా రావచ్చని చెప్పారు. రోమ్‌లోని పోపుగారి సభ ఎప్పుడో ఒప్పుకుందనీ, ఇక్కడ బిషప్‌గారు ఆ సంగతి ఏ చర్చి ఫాదర్‌కు ఆ ఫాదర్‌కే వదిలేశారనీ అన్నారు. ప్రసన్న నా మోచేయి గట్టిగా గిల్లింది.

ఆ సేవ పెద్ద పనేమీ కాదు. కొవ్వొత్తి పట్టుకుని ముందు నడవాలి. ద్రాక్షరసం, నీళ్ళు అందించాలి. పూజలో ప్రసాదంగా ఇచ్చే అప్పాన్ని ఫాదర్‌గారు పైకి ఎత్తినప్పుడు గంట కొట్టాలి. కానీ అప్పటిదాకా మా చర్చిలో అది మగపిల్లల పని. నా చిన్నప్పుడు మా తమ్ముడు తెల్ల అంగీ వేసుకుని ఆ గంట కొడుతుంటే, నేను బెంచీలో కూర్చుని చేతులు నలుపుకుంటూ చూసేదాన్ని.

పెద్దమ్మ ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళింది. ఏం జరిగిందో తర్వాత ఆమే నాకు చెప్పింది. ఆడపిల్లలు మెట్లు ఎక్కడం మంచిది కాదని చెప్పిందట. రోమ్ ఒప్పుకుందమ్మా అన్నారట ఆయన. రోమ్ వాళ్ళు వచ్చి ఇక్కడ గుడ్డలు ఉతుకుతారా అని అడిగిందట. ఫాదర్‌గారు నవ్వారట. అంతటితో ఆ మాట అయిపోయింది.

అయిపోయాక ఆమె చేసిన పని చూడండి. అబ్బాయిల పాత అంగీలు బయటికి తీసి, ముగ్గురు ఆడపిల్లలకు సరిపోయేలా తానే కుట్టింది. ప్రసన్నను స్టూలు మీద నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, అంచు మడుస్తూ, స్వామి ముందు వంకరగా నిలబడతావా అని దాని నడుం మీద ఒకటి వేసింది. ఇష్టం లేని పనిని కూడా ఆమె సగం సగం చేయలేదు. అంగీ ప్రసన్నకు అతికినట్టు కుదిరింది.

మొదటి ఆదివారం మా ఆయన డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చాడు. ప్రసన్న గంట కొట్టినప్పుడు మా బెంచీలో నలుగురు తల ఎత్తి చూశారు. పూజ తర్వాత పెద్దమ్మ నా పక్కగా వెళ్తూ, గంట మంచిగానే కొట్టింది, తొందరపడలేదు అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను ఎరగను.

కొన్ని నెలలు అలా గడిచాయి. ఆ చలికాలంలో ప్రసన్న పెద్దమనిషి అయింది. మా ఇంట్లో చిన్న వేడుక చేశాం. పెద్దమ్మ ఆకుపచ్చ గాజులు తెచ్చి తన చేతులతో తొడిగింది. నువ్వులుండ తినిపించి, నుదుటి మీద శిలువ గుర్తు వేసి, ముద్దు పెట్టుకుంది. ఆమెకు పిల్లలు లేరు. ఆ రోజు ప్రసన్నను చూసిన చూపు సొంత మనవరాలిని చూసినట్టే ఉంది.

ఆ తర్వాత మట్టల ఆదివారం వచ్చింది. ఏసుస్వామి యెరూషలేములోకి వచ్చిన రోజు గుర్తుగా అందరం ఈతమట్టలు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగే పండుగ అది. జనం ఎక్కువ. నేను ఫాదర్‌గారు పూజావస్త్రాలు వేసుకునే గది గుమ్మంలో నిలబడి మట్టలు పంచుతున్నాను. గదిలో అబ్బాయిలు అంగీలు వేసుకుంటున్నారు. ప్రసన్న తన అంగీకి గుండీ పెట్టుకుంటోంది. పెద్దమ్మ ధూపం బొగ్గులు తీసుకుని లోపలికి వచ్చి, దాన్ని చూసి ఆగింది.

"ఇయ్యాల బయట ఉన్నవా బిడ్డా?" అని అడిగింది.

గట్టిగా అడగలేదు. రోజూ అన్నం తిన్నావా అని అడిగే గొంతుతోనే అడిగింది. అబ్బాయిల్లో చిన్నవాడికి అర్థం కాక, లోపలే ఉంది కదా పెద్దమ్మా, కనపడుతలేదా అన్నాడు. వాళ్ళలో పెద్దవాళ్ళకు అర్థమైంది. వాళ్ళు నవ్వారు. ఫాదర్‌గారు అప్పుడు నడుముకు తాడు కట్టుకుంటున్నారు. ఆ ముడి వేయడం ఆయనకు ఎంతకీ పూర్తి కాలేదు.

ప్రసన్న పెట్టుకున్న గుండీ తీసింది. అంగీ విప్పి, మడత పెట్టి, బల్ల మీద ఉంచి, నా పక్కనుంచే బయటికి వెళ్ళి బెంచీలో కూర్చుంది. ఆ రోజు అది బయట లేదు. నాకు తెలుసు. కానీ ఆ మాట ఆ గదిలో నేను ఎవరికి చెప్పాలి? చేతిలో మట్టలున్నాయి, వెనక జనం తోసుకుంటున్నారు.

ఇంటికి వచ్చాక, నువ్వు మామూలుగానే ఉన్నావు కదా, వచ్చే వారం వెళ్ళు, నేను పెద్దమ్మతో మాట్లాడతానని చెప్పాను. ప్రసన్న నా వైపు తిరగలేదు.

"అది కాదు మమ్మీ. ఇగ నేను ఎక్కినా, ఎక్కకపోయినా, అందరు నన్ను చూసి అదే లెక్కబెడ్తరు."

అప్పటికి దానికి పదమూడేళ్ళు.

మర్నాడు ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలా బాధపడ్డారు. అది తప్పుడు ఆచారమనీ, మన క్యాథలిక్ శ్రీసభ ఎక్కడా అలా చెప్పలేదనీ ఎన్నో చెప్పారు. ఆ సంగతే ఆదివారం పూజలో చెప్పమన్నాను. ఆడపిల్లల ముట్టు గురించి పీఠం ముందు నిలబడి ఎలా మాట్లాడాలి అన్నారు. పోనీ పెద్దమ్మకైనా విడిగా చెప్పమన్నాను.

"ఆమెను నేనేమనగలనమ్మా? రేపు తాళంచెవులు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోతే, ఈ చర్చి ఎవరు చూస్తారు?"

ఈస్టరు వెళ్ళిన వారంలో పెద్దమ్మే మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప మీదే కూర్చుంది. ప్రసన్న లోపలి గదిలో ఉంది. ఆమె గొంతు విని బయటికి రాలేదు. పెద్దమ్మ ఆ గది వైపు చూస్తూనే నాతో మాట్లాడింది. తాను లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగానని, కిరాయి ఇంట్లో చుట్టూ హిందువుల మధ్య ఉండేవాళ్ళమని మొదలుపెట్టింది.

"మా ఇంటి పక్కన ఆడోళ్ళు బోనమెత్తేటోళ్ళు. ముట్టయితే ఆ కుండ మీద చెయ్యి గూడ ఎయ్యకపోయేది. అంత నేమంగ ఉండేది. మన స్వామి గంతకంటె తక్కువనా?"

నేను ఏదో అనబోయాను. ఆమె విననట్టే తన సంగతి చెప్పుకుంటూ పోయింది. పెళ్ళయి ఈ బస్తీకి వచ్చిన కొత్తలోనే చర్చి పని చేస్తానని అడిగిందట. ముట్టు ఆగాక చూద్దాం అన్నారట అప్పటి పెద్దలు. అన్నేళ్ళూ ఆమె చర్చి వరండా మాత్రమే ఊడ్చింది. లోపల గుడ్డలు ఎవరో ముసలామె ఉతుకుతుంటే కిటికీలోంచి చూసేది. జుట్టు నెరిసి, ఒంట్లో అది ఆగిపోయాక, ఒక రోజు పిలిచి తాళంచెవులు చేతిలో పెట్టారు. ఆ రోజు ఏడ్చానని చెప్పింది.

"పిల్లను ఏడిపియ్యాలని అడగలే బిడ్డా. అడగకుంట ఉండలేకపోయిన. తప్పో ఒప్పో నాకు తెల్వది."

తర్వాత గది వైపు గొంతు పెంచి, వచ్చే ఆదివారం రా, నేనేం అడగను, గంట కొట్టు అంది. పెద్దమ్మ ఇంకాసేపు కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి వెళ్ళింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని ఆ సాయంత్రమంతా ప్రయత్నించాను. కోపం వచ్చేది. అంతలోనే వరండా ఊడుస్తూ కిటికీలోంచి చూసే ఒక పడుచు కోడలు కళ్ళ ముందుకు వచ్చేది.

ప్రసన్న మళ్ళీ మెట్లు ఎక్కలేదు. మిగిలిన ఇద్దరు ఆడపిల్లలను కూడా వాళ్ళ తల్లులు మాన్పించారు. మా పిల్లను కూడా అడిగితే ఏం చేయాలి అన్నారు. అలా మా చర్చిలో ఆ సేవ ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ ఏ నిర్ణయమూ చెయ్యలేదు. రెండేళ్ళకు ఆ ఫాదర్‌గారు బదిలీ మీద వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన ఫాదర్లు ఆ సంగతి ఎత్తలేదు.

ఒకసారి పండుగకు పూలు ఇవ్వడానికి ఆ గదిలోకి వెళ్ళాను. పెద్దమ్మ ఇస్త్రీ చేస్తోంది. కొక్కేలకు అబ్బాయిల అంగీలు వరసగా వేలాడుతున్నాయి. చివరి కొక్కేనికి ప్రసన్న అంగీ ఉంది. గంజి పెట్టి, చేతుల మడత కూడా చెదరకుండా. అప్పటికి ప్రసన్న ఇంటర్‌లో ఉంది. అది దానికి మోచేతుల దాకా కూడా రాదు. ఇదెందుకు ఇంకా ఇస్త్రీ చేస్తున్నావని అడిగాను. అందరివీ చేస్తున్నాను కదా, దీన్నొక్కదాన్ని ఎట్లా వదిలిపెట్టాలి అంది. ఇంటికి వచ్చి ప్రసన్నకు చెప్పాను. వింది. ఊఁ అని పుస్తకంలో పేజీ తిప్పింది.

ప్రసన్న చర్చికి రావడం మానలేదు. తగ్గించింది. వచ్చినా వెనక నిలబడేది. ఎందుకలా అంటే, నేనెవరి మీదా అలగలేదు మమ్మీ, ఇక్కడ గాలి వస్తుంది అనేది. ఇంటర్ తర్వాత నర్సింగ్‌లో చేరింది.

పెద్దమ్మ పడిపోయింది అప్పుడే. వెనక్కి నడుస్తూ ఊడుస్తుంటే కాలు తడబడిందట. తుంటి విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ కష్టమని ఇంటికి పంపేశారు. తన తమ్ముడి కొడుకు ఇంట్లో ఒక మంచం మీద ఉండిపోయింది. ఇంటి కోడలు పగలంతా అగరుబత్తుల కార్ఖానాలో పనికి పోవాలి. అందుకని మధ్యాహ్నాలు బస్తీ ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. ప్రసన్న సెలవులకు వచ్చినప్పుడు ఎవరూ అడగకుండానే వెళ్ళి కూర్చుంది. గోళ్ళు తీసేది, తల దువ్వేది, మంచం పుండ్లు రాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టేది. ఇద్దరూ పాత సంగతి ఎత్తగా నేను వినలేదు. ఒక్కోసారి పెద్దమ్మ దాని చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. ప్రసన్న అలాగే కూర్చునేది.

ఒక నెల మొదటి శుక్రవారం ఇప్పటి ఫాదర్‌గారు ఆమెకు సత్ప్రసాదం తెచ్చారు. పడకలో ఉన్న రోగులకు అలా ఇంటికి తెచ్చి ఇస్తారు. నేనూ ప్రసన్నా అక్కడే ఉన్నాం. ఫాదర్‌గారు అప్పం చేతిలోకి తీసుకుని ముందుకు వంగితే పెద్దమ్మ పెదవులు బిగించింది. మింగడం కష్టమేమో అనుకున్నారాయన. పెద్దమ్మ మెల్లిగా అంది.

"నేను శుద్ధంగ లేను ఫాదర్. పక్క తడిసింది."

ఫరవాలేదమ్మా, జబ్బులో ఉన్నారు, స్వామికి తెలియదా అన్నారు ఫాదర్‌గారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ప్రసన్న లేచి ఆయనను కాసేపు బయట ఉండమంది. మేమిద్దరం పెద్దమ్మకు ఒళ్ళు తుడిచి, చీర మార్చి, ఉతికిన దుప్పటి పరిచాం. ప్రసన్న చేతులు గబగబా కదిలాయి. పెద్దమ్మ కళ్ళు మూసుకుని జపం చెప్పుకుంటోంది. మళ్ళీ ఫాదర్‌గారిని లోపలికి పిలిచాను. ఆయన ప్రార్థన మొదలుపెట్టారు. పెద్దమ్మ నోరు తెరిచింది. అంతలో ఆమె ముఖం మారింది. ఏం జరిగిందో ప్రసన్న దుప్పటి మీద చెయ్యి పెట్టగానే నాకు తెలిసిపోయింది. పెద్దమ్మ నోరు మూసుకుని గోడ వైపు తిరిగింది.

ప్రసన్న ఆమె చెవి దగ్గరికి వంగింది. "తీస్కో పెద్దమ్మా. ఏం కాదు. నేను చెప్తున్న గదా."

పెద్దమ్మ తిరగలేదు. గోడకు ఆనించిన చెంప మీద కన్నీరు జారుతోంది. ఫాదర్‌గారు చేతిలో అప్పంతో అలాగే నిలబడ్డారు. కాసేపటికి దాన్ని చిన్న డబ్బాలో పెట్టి, వచ్చే వారం వస్తానని చెప్పి వెళ్ళారు. ఆ సాయంత్రం ప్రసన్న ఆ రెండు దుప్పట్లూ తానే ఉతికింది. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు.

ఆ వచ్చే వారానికి పెద్దమ్మ లేదు.

అవి స్కూళ్ళ పరీక్షల రోజులు. సేవ చేసే అబ్బాయిలంతా పరీక్ష హాళ్ళలో ఉన్నారు. ఫాదర్‌గారు ఒక్కరే స్కూటర్ మీద వచ్చారు. గది చిన్నది. ఆడవాళ్ళం శవం చుట్టూ ఇరుక్కుని నిలబడ్డాం. మగవాళ్ళు బయట గల్లీలో బండి దగ్గర ఉన్నారు. పెద్దమ్మను ఎత్తే ముందు చదవాల్సిన ప్రార్థనలున్నాయి. ఫాదర్‌గారికి ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో తీర్థజలం పాత్ర. చల్లడానికి మూడో చెయ్యి లేదు. ఎవరైనా కొంచెం పట్టుకుంటారా అని చుట్టూ చూశారు. పెద్దమ్మ తల దగ్గర ప్రసన్న ఉంది.

"అమ్మా, నువ్వు పట్టుకో" అన్నారు.

ప్రసన్న చెయ్యి ముందుకు వచ్చింది. నేను చూశాను. పాత్రను అందుకోబోయి, మధ్యలో ఆగి, వెనక్కి తీసుకుంది.

"వద్దు ఫాదర్. పెద్దమ్మకు నచ్చది."

ఆయనకు ఏమీ తెలియదు. అయోమయంగా మా అందరి వైపు చూశారు. ఎవరమూ కదలలేదు. కొందరు నేల చూశారు. మగవాళ్ళలో ఒకరిని పిలవండి అని వెనకనుంచి ఎవరో అన్నారు. కానీ గుమ్మం దాకా జనమే, ఎవరూ లోపలికి రాలేకపోయారు. ఫాదర్‌గారు పాత్రను పెద్దమ్మ తల దగ్గర నేల మీద పెట్టి, వంగి నీళ్ళు చల్లి, లేచి పుస్తకం చూసేసరికి ఫ్యాను గాలికి పేజీలు తిరిగిపోయాయి. మళ్ళీ వెతికారు. పేజీ దొరికినట్టే దొరికి మళ్ళీ తిరిగిపోయింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చివరికి పుస్తకం మూసి, అందరం పరలోక జపం చెబుదాం అన్నారు.

చెప్పాం. అందరికీ నోటికి వచ్చిన జపం కదా, గది అదిరేలా చెప్పాం. ప్రసన్న గొంతు నాకు విడిగా వినపడింది.

పుస్తకంలో ఆమె కోసం ఇంకా ప్రార్థనలున్నాయి. అవి చదవకుండానే పెద్దమ్మను ఎత్తారు.